సంజీవరెడ్డి, గిరి: గెలుపు గుర్రం ఎవరు?

రాష్ట్రపతి అభ్యర్థిపై ఊహాగానాలు మొదలైతే బెంగళూరు తెలుగువాళ్ల మధ్య 1969 ప్రస్తావన రాక తప్పదు. ముడి పడింది ఈ ఊళ్లోనే మరి. ఆ జూలైలో ఇక్కడి కాంగ్రెస్ సమావేశాల్లో పార్లమెంటరీ బోర్డు ఇందిరాగాంధీ మాట కాదని నీలం సంజీవరెడ్డిని ఖాయం చేసింది.

కాగితం మీద రెడ్డిదే పైచేయి: ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, లోక్‌సభ స్పీకరు, పైగా అధికార పార్టీ ముద్ర. వి.వి. గిరి స్వతంత్రుడు. ఒకప్పుడు మైసూరు గవర్నరుగా ఇక్కడే ఉన్నా, ఆ పరిచయాలకు ఓట్లు రాలవు.

కానీ ఓటేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. వాళ్ల దగ్గర అభ్యర్థి ఘనత కన్నా అతనంటే ఎవరికి గిట్టదన్నదే ముఖ్యం. రెడ్డి వర్గం జనసంఘ్, స్వతంత్ర పార్టీల రెండో ప్రాధాన్య ఓట్ల కోసం, అంటే తమ అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్నాక బదిలీ అయ్యే ఓట్ల కోసం వెళ్లింది. లెక్కగా అది తెలివైన పనే. కానీ ఇందిర వర్గానికి అదే ఆయుధమైంది. ఆత్మప్రబోధం మేరకు ఓటేయమన్నారు ఆమె.

మొదటి లెక్కలో ఓట్ల విలువ గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548; సగం ఎవరికీ దాటలేదు. ఆ రెండు పార్టీలు బలపరిచిన మూడో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్ ఓట్లు బదిలీ అయ్యాక రెడ్డి 4,05,427కు ఎగబాకినా, గిరి 4,20,077తో గట్టెక్కారు.

నన్నడిగితే, అధికార పక్షం చీలితేనే గిరి లాంటివారు గెలుస్తారు. లేకపోతే పార్టీ ముద్రకే నా ఓటు. అదే రెడ్డి 1977లో పోటీయే లేకుండా రాష్ట్రపతి అయ్యారు.