చిన్నబజారు పటాల కొట్టు: జపాను వానకి గంజి అతుకు

నెల్లూరు చిన్నబజారు వైపు ఒక సందులో ఉంటుంది ఈ కొట్టు. బోర్డు మీద పేరు ఎప్పుడో వెలిసిపోయింది. 'పటాలు కట్టే కొట్టు' అంటే ఎవరైనా చూపిస్తారు. లోపల వెంకటేశ్వరస్వామి, సాయిబాబా, కొత్త పెళ్ళిజంట, ఈమధ్యే పోయిన పెద్దాయన, అందరూ ఒకే వరసలో గోడకి ఆనుకుని ఉంటారు.

నేను తీసుకెళ్ళింది వేరే సరుకు. ఒసాకాలో పనిచేసే మా తమ్ముడి కొడుకు, డ్రాయింగు మాస్టరుగా రిటైరైన పెదనాన్న కదా అని, జపాను చిత్రకారుడు హిరోషిగె బొమ్మ ఒకటి తెచ్చిచ్చాడు. వంతెన మీద ఉన్నట్టుండి వాన కురిసే బొమ్మ. 1857 నాటిది. నా దగ్గరున్నది అసలు ప్రతి కాదు లెండి, అంత స్తోమత మాకెక్కడిది! ఇప్పటివాళ్ళు పాత పద్ధతిలోనే చెక్క అచ్చులు చెక్కి, చేత్తో అద్దిన కాగితం. కోవూరు నుంచి పెన్నా వంతెన మీదుగా బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చా.

కొట్టాయన తిప్పి చూసి, "అచ్చా సారూ ఇది? అయితే క్యాలెండరేగా. ఫెవికాల్ పూసి హార్డుబోర్డుకి అంటించేస్తా, ముడత రాదు. ఈ తెల్ల అంచు కోసేస్తే నీటుగా ఉంటాది" అన్నాడు.

నాకు గుండె ఝల్లుమంది. పదేళ్ళ కిందట వేరే ఊళ్ళో, వేరే కొట్టులో, నేను లినోలియం షీటు మీద చెక్కి అద్దిన లినోకట్‌ని ఇట్టాగే అంటించి ఇచ్చారు. రెండు వానాకాలాలకే కాగితం ఉబ్బి, గోధుమరంగు మచ్చలు లేచాయి. ఊడదీద్దామంటే చినుగుతుంది. ఇప్పటికీ అట్టాగే పడుంది అటక మీద.

కానీ ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు కూడా. ఈ బొమ్మలు పుట్టినప్పుడు ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, మామూలు జనం కొనుక్కునే చవక సరుకే. హిరోషిగె 1797లో పుట్టాడు. వాళ్ళ నాన్నది అగ్నిమాపక దళంలో ఉద్యోగం. పన్నెండేళ్ళకే తల్లీతండ్రీ పోతే ఆ ఉద్యోగం ఈ పిల్లాడి మీద పడింది. అది చేసుకుంటూనే బొమ్మలు నేర్చాడు. ఎడో నుంచి క్యోటో పోయే టొకాయిడో దారిలోని 53 మజిలీలను గీసి పేరు తెచ్చుకున్నాడు. ఈ వాన బొమ్మ ఆఖరి రోజుల్లో ఎడో ఊరి మీద చేసిన నూటికి పైగా బొమ్మల్లో ఒకటి. 1858లో కలరా ప్రబలిన ఏడాదే పోయాడు. డచ్చి చిత్రకారుడు వాన్ గోహ్ ఇదే బొమ్మను 1887లో రంగులతో నకలు గీసుకున్నాడు.

ఇదంతా చెబితే కొట్టాయన మొహంలో మార్పేమీ లేదు. కాగితం వెనక్కి తిప్పి వెలుతురుకి పెట్టాను, అప్పుడు వంగి చూశాడు. వెదురాకు చుట్టిన గుండ్రటి బిళ్ళతో వెనకనుంచి రుద్ది అద్దుతారు కదా, అందుకని రంగు ఇవతలికి ఇంకి ఉంటుంది, ఆ రుద్దిన గీరలు కూడా కనిపిస్తాయి. మళ్ళీ ముందుకి తిప్పి వాన చూపించా. వానకి రెండు చెక్కలు. ఒకదాని గీతలు ఒక వాలు, రెండోదానివి ఇంకో వాలు. అందుకే చూస్తుంటే జల్లు కదిలినట్టుంటుంది. పైన నల్లమబ్బు కిందికొచ్చేసరికి పలచబడుతుంది. అది చెక్కడంలో లేదు, అచ్చు మీద తడి కుంచెతో రంగు తుడవడంలో ఉంది. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి, "ఇంత సన్నగా చెక్కని చెక్కేది ఎట్టా సారూ? చుట్టూ తీసేసి గీత మిగల్చాల గదా!" అన్నాడు. అంతే, ఫెవికాల్ డబ్బా పక్కకి పోయింది.

చేసిన పని మెచ్చుకోవాలి. గోధుమపిండిని నీళ్ళలో పిసికి, జిగట తీసేసి, మిగిలిన తెల్లనీళ్ళు కాచిన గంజి నేను ఇంటినుంచే తీసుకెళ్ళా. పల్చటి కాగితం ముక్కలు రెండు ఆ గంజితో పైఅంచుకి మాత్రమే అతికించి, బొమ్మని వేలాడేట్టు కట్టాడు. తడి తగిలితే అతుకు ఊడొచ్చేస్తుంది, బొమ్మకి దెబ్బ ఉండదు. చుట్టూ మౌంటు, అంటే మధ్యలో కోసిన మందపాటి అట్ట, పెట్టాడు కాబట్టి అద్దం కాగితానికి తగలదు. మన ఉక్కకి అది తప్పనిసరి. అంచు అంగుళం కూడా కోయలేదు.

లోపాలు కూడా చెప్పాలి. శుక్రవారం ఇస్తానని "రేపు రండి సారూ" అంటూ పదహారు రోజులు తిప్పాడు. మొదటిసారి తీసుకున్నప్పుడు అద్దం లోపల వెంట్రుక ఒకటి ఉండిపోయింది. సరిగ్గా నదిలో తెప్ప నడిపేవాడి నెత్తి మీద! విసుక్కోకుండా విప్పి తీశాడనుకోండి. టేకు బీడింగు కుడివైపు కింది మూల గోరు దూరేంత సందు, దానికి లప్పం పూశాడు. యాసిడ్ లేని మౌంటు బోర్డు ఆయన దగ్గర దొరకదు, నేను చెన్నై నుంచి తెప్పించుకున్నా. మొత్తం 1,150 రూపాయలైంది. దేవుడి పటానికైతే ఇందులో మూడోవంతు కూడా అవదు.

మీ దగ్గర విలువైన కాగితం ఏదైనా ఉంటే ఈయన దగ్గరికి తీసుకెళ్ళండి. కాకపోతే ఇచ్చేసి రావద్దు, పని అయ్యేదాకా పక్కన స్టూలేసుకుని కూచోండి. మధ్యాహ్నం రెండింటికి షట్టరు దించి భోజనానికి పోతాడు, నాలుగున్నర దాకా రాడు.

పోయిన వారం పెన్నా రైలువంతెన బొమ్మతో నేను చెక్కిన లినోకట్ ఇచ్చొచ్చా. ఎవరిదని అడిగితే నాదేనన్నా. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికీ గంజేనా సారూ, ఫెవికాల్ సరిపోద్దా?" అన్నాడు.