యోనా గ్రంథం ఎలా చదవాలి: వ్యాకరణ పద్ధతా, విమర్శనా పద్ధతా?

బైబిల్లోని యోనా ప్రవక్తను చేప నిజంగానే మింగిందా? లూథరన్ బైబిలు తరగతుల్లో పదే పదే వచ్చే ఈ ప్రశ్న వెనుక, ఏ పద్ధతిలో చదవాలన్న పెద్ద ప్రశ్న ఉంది.

అమెరికాలోని లూథరన్ సంఘాలైన మిస్సోరీ, విస్కాన్సిన్ సినడ్‌లది చారిత్రక-వ్యాకరణ పద్ధతి. పదాల అర్థం, వాక్య నిర్మాణం, నాటి పరిస్థితులు చూస్తారు. అది జరిగిందా లేదా అని లేఖనం మీద తీర్పు చెప్పరు. మత్తయి 12:40లో ప్రభువైన యేసే యోనా మాట ఎత్తాడు కాబట్టి అది చరిత్రే అంటారు. చారిత్రక-విమర్శనా పద్ధతి మాత్రం ఎవరు, ఎప్పుడు, ఏ రచనారూపంలో రాశారని అడుగుతుంది. యోనా ఉపమాన కథ అయ్యుండవచ్చంటుంది. ఈ పేచీ మీదే 1974 ఫిబ్రవరిలో మిస్సోరీ సినడ్ పాస్టర్లను తయారుచేసే సెయింట్ లూయిస్ కాంకోర్డియా సెమినరీ అధ్యాపకుల్లో, విద్యార్థుల్లో అత్యధికులు బయటికి వచ్చేశారు.

నా దృష్టిలో తేల్చేది చేప కాదు, మనల్ని నిందించే ధర్మశాస్త్రాన్నీ వాగ్దానమిచ్చే సువార్తనూ వేరుచేయగలగడం. యోనా 4వ అధ్యాయం తీసుకోండి. పక్కవాడికి దొరికిన కృప చూసి మండిపడే ప్రవక్త మనల్ని నిందిస్తాడు: అది ధర్మశాస్త్రం. నీనెవె పట్టణంలోని లక్షా ఇరవై వేలకు మించిన జనం మీద దేవుడు జాలిపడతాడు: అది సువార్త. చేప కోసం అరగంట వాదించే ప్రసంగమూ, రచనాకాలం మీద అరగంట ఉపన్యాసమూ ఒకే చోట తప్పిపోతాయి: నీనెవె దాకా వెళ్లవు.

వేరుచేయడానికి క్రియల రూపం చూస్తే చాలదు. "విశ్వసించు" ఆజ్ఞలా వినిపించినా అది సువార్త పిలుపు. సిలువ కూడా పాపం మీద దేవుని ఉగ్రత ఎంతటిదో చూపినప్పుడు ధర్మశాస్త్రపు పని చేస్తుందని 1577 నాటి లూథరన్ విశ్వాస ప్రకటన ఫార్ములా ఆఫ్ కాంకర్డ్ 5వ అధికరణం చెబుతుంది. అందుకే ప్రతి భాగాన్నీ రెండుసార్లు చదవాలి: మొదట అది ఎవరిని నిందిస్తోందో, తర్వాత ఏం వాగ్దానం చేస్తోందో చూడాలి.

ఈ పని వ్యాకరణ పద్ధతిలోనే తేలిక. పాఠం చేతిలో చెదరకుండా ఉంటుంది, వాగ్దానం మీద నిలబడవచ్చు. విమర్శనా పద్ధతిలో అసాధ్యమనను. కానీ పాఠంలో ఏ భాగం ఎప్పుడు రాసిందో తేలేలోపు వాగ్దానం చేజారడం తరచూ జరుగుతుంది. పురాణ భాషను తొలగించాలన్న జర్మన్ వేదాంతి బుల్ట్‌మన్ దారి (1941) పునరుత్థానాన్నే పలుచన చేస్తుంది గనుక దాన్ని పక్కన పెడతాను.

ప్రాచీన ప్రతులను పోల్చే పని మాత్రం రెండు పక్షాలూ చేస్తాయి, చేయాలి కూడా. ఉదాహరణకు, 1 యోహాను 5లో పరలోక సాక్షులు ముగ్గురని చెప్పే వాక్యాన్ని లూథర్ తన జర్మన్ అనువాదంలో చేర్చనేలేదు.