పాలు మాన్పించాక తల్లిగొర్రె పొదుగు ఎండగట్టడం: విడతలుగానా, ఒక్కసారిగానా?

అనంతపురం మెట్ట పల్లెల్లో తొలకరికి చూడి కట్టిన గొర్రెలు ఐదు నెలలకు, అంటే కార్తీక మార్గశిరాల్లో ఈనుతాయి. పిల్లలకు మూడు నెలలు నిండి పాలు మాన్పించే వేళకు శివరాత్రి దగ్గరపడుతుంది, బీళ్లలో కసువు ఎండిపోతుంది, తల్లులు చిక్కి ఉంటాయి. మళ్లీ తొలకరిలోగా అవి ఒళ్లు చేసుకోవాలంటే పాలు త్వరగా, పొదుగు చెడకుండా వట్టిపోవాలి.

తల్లులు మేతకు వెళ్లినప్పుడు పిల్లలు ఎలాగూ రొప్పంలోనే, అంటే గొర్రెల దొడ్డిలోనే ఉంటాయి కాబట్టి, తాపడాన్ని రెండు పూటల నుంచి ఒక పూటకు, ఆపై రోజు విడిచి రోజుకు తగ్గించడం పాత పద్ధతి. ఒకనాడు తల్లినీ పిల్లనూ పూర్తిగా విడదీయడం రెండో పద్ధతి.

మొదటి పద్ధతిలో అరుపులు తక్కువ, పిల్ల బెంగపడదు. అయితే పొదుగు ఖాళీ అయిన ప్రతిసారీ పాలు మళ్లీ ఊరతాయి. నిండి బిగిసి అలాగే ఉండిపోయినప్పుడే ఊరడం ఆగి, నిలిచిన పాలు ఒంటిలోకి ఇంకిపోతాయి. పైగా ఆకలిమీదున్న పిల్ల కుమ్మి కుమ్మి తాగితే చన్ను చిట్లి, పొదుగువాపుకు దారి ఏర్పడుతుంది. రెండేళ్ల కిందట మా మందలో మంచి పాలగొర్రె ఒకటి వెనక కాలు ఎడంగా వేస్తూ కుంటితే, ముల్లు గుచ్చుకుందనుకుని గిట్టలు వెతికాను. సాయంత్రం పొదుగు తాకితే ఎడమ పక్క కాలిపోతూ రాయిలా ఉంది. వైద్యంతో ప్రాణం దక్కింది గాని ఆ చన్ను పోయింది. మరుసటి ఈతలో కవలలు పుడితే ఒకదాన్ని సీసా పాలతో సాకవలసి వచ్చింది.

అందుకే నేను రెండో పద్ధతినే మేలంటాను, కాకపోతే దాని బలమంతా ముందు వారం మేతలో ఉంది. ఆ వారం దాణా, నూనెగింజల చెక్క ఆపి, పచ్చిమేతనూ వేరుశనగ కట్టెనూ (కాయలు తీసిన ఎండు తీగ) తగ్గించి జొన్న చొప్ప వేస్తే, విడదీసే నాటికే పాలు బాగా తగ్గుతాయి. పిల్లలను అలవాటైన రొప్పంలోనే ఉంచి, తల్లులను అరుపు వినబడనంత దూరంలో ఎవరి చేనిలోనైనా మంద కట్టడం ఉత్తమం. చేనికి ఎరువూ దక్కుతుంది. రెండు మూడు రోజులకు పొదుగు బిగిసి, చర్మం నిగనిగలాడుతూ, చన్ను కొసన పాలచుక్క నిలుస్తుంది. చూడలేక పిండితే మళ్లీ మొదటికొస్తుంది. పడుకునే చోటు పొడిగా ఉంచి, రోజూ అరచేతి వెనుకతో రెండు పక్కలా తాకి చూడాలి. ఒక పక్కే వేడెక్కినా, రంగు మారినా ఆ రోజే పశువైద్యునికి చూపించాలి.

పాలు తగ్గుతాయని నీళ్లు ఆపడం మాత్రం మన ఎండలకు ప్రమాదకరం. ఇక ఇంటి దగ్గర నాలుగైదు జీవాలే ఉండి, దూరంగా కట్టే చోటు లేనివారికి పాత పద్ధతి తప్పదు. అప్పుడైనా ఒక పూట తాపడం వారానికి మించకుండా ఆపేయాలి. అప్పటికే చూడి కట్టిన గొర్రెను ఏ పద్ధతిలోనూ మేత కోసి మాడ్చరాదు.

పొదుగు ముడతలుపడి మెత్తబడ్డాక దాణా మళ్లీ మెల్లగా పెంచవచ్చు. ఆ సమయంలోనే ప్రతి పొదుగునూ వేళ్లతో నొక్కి చూసి, లోపల గట్టి గడ్డ తగిలినవాటిని పొట్టేలు కలవకముందే మంద నుంచి వేరు చేయాలి.