పెన్‌డ్రైవ్‌లో ఎన్‌వీడీఏ: డిగ్రీ అంతా వాడాక

ఎన్‌వీడీఏ గురించి చూపులేని మనవాళ్లకి కొత్తగా చెప్పేదేం లేదు. విండోస్ తెరని చదివి వినిపిస్తుంది, పైసా ఖర్చు లేదు, 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని మైకేల్ కరన్ మొదలుపెట్టాడు. నేను రాసేది దాని పోర్టబుల్ కాపీ గురించి మాత్రమే, అంటే ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది. టూల్స్ మెనూలో ఓ మూల ఉంటుంది, చాలామంది అటు వెళ్లనే వెళ్లరు. శ్రీకాకుళంలో నా బీకాం కంప్యూటర్స్ గట్టెక్కింది దాంతోనే.

అప్పటికి సొంత ల్యాప్‌టాప్ లేదు. కాలేజీ ల్యాబ్‌లో ఏది ఇన్‌స్టాల్ చెయ్యాలన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. అది తెలిసినాయన ఎప్పుడూ సెలవే. పెన్‌డ్రైవ్ కాపీకి ఆ గొడవ లేదు. గుచ్చి, విండోస్ కీతో ఆర్ నొక్కి, డ్రైవ్ అక్షరం, ఫోల్డర్ పేరు, చివర ఎన్‌వీడీఏ ప్రోగ్రామ్ పేరు కొడితే చాలు. అక్షరం ఈ కాకపోతే ఎఫ్, అదీ కాకపోతే జీ. కాసేపటికి నా వేగంతో, నా సెట్టింగులతో మాట్లాడేస్తుంది. ఈస్పీక్ గొంతు దాంతోనే వస్తుంది, అందులో తెలుగు కూడా ఉంది కాబట్టి తెలుగు గొంతు లేని కంప్యూటర్ మీద కూడా తెలుగు చదువుతుంది. రేకుడబ్బాలోంచి మాట్లాడినట్టే ఉంటుంది గానీ, వేగం పెంచినా మాట చెదరదు. నాకు కావాల్సింది అదే.

అసలు పరీక్ష సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో ఎదురైంది. డెస్క్‌టాప్ మీద గలగలా మాట్లాడిన ఎన్‌వీడీఏ, సీ ప్రోగ్రాములు రాసే టర్బో సీ తెరవగానే మూగబోయింది. బాణాలు నొక్కినా, ట్యాబ్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. మాస్టారేమో "ఓపెన్ అయింది కదా బాబూ, నీలం స్క్రీన్ వచ్చింది" అంటారు. పక్కనున్న ఫ్రెండు "ఏటిరా, మీ మేడమ్ అలిగిందేటి?" అని నవ్వు. నాకు మాత్రం ఒకటే టెన్షన్, ఈ పేపర్ ఇక్కడే పోతుందేమోనని.

కారణం తర్వాత తెలిసింది. టర్బో సీ డాస్ కాలం నాటిది. ఇప్పటి విండోస్‌లో దాన్ని డాస్‌బాక్స్ అనే పెట్టెలో నడుపుతారు. ఆ పెట్టె అక్షరాల్ని బొమ్మలా గీస్తుంది. చూసేవాళ్లకి అక్షరాలే, ఎన్‌వీడీఏకి అక్కడ చదవడానికి ఏమీ ఉండదు.

దారి చూపించింది విజయనగరంలో మా సీనియర్ అన్న. ఆయనా నాలాగే చూపు లేనివాడు. "టర్బో సీ వదిలేయ్ తమ్ముడూ, జీసీసీ కంపైలర్‌ని కూడా ఆ పెన్‌డ్రైవ్‌లోనే పడేసుకో" అన్నాడు. రాసిన ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ నడిపేలా మార్చేది కంపైలర్, దానికీ ఇన్‌స్టాలేషన్ అక్కర్లేదని అప్పుడే తెలిసింది. ప్రోగ్రామ్ నోట్‌ప్యాడ్‌లో రాయడం, కమాండ్ ప్రాంప్ట్‌లో కంపైల్ చెయ్యడం. తప్పుంటే ఏ లైన్లో ఉందో నంబరుతో చదివి వినిపిస్తుంది, నోట్‌ప్యాడ్‌లో కంట్రోల్ జీ కొడితే ఆ లైన్ దగ్గరికే వెళ్తాం. చూపున్న ఫ్రెండ్స్ సెమికోలన్ కోసం తెరంతా వెతుకుతుంటే నేను ముందే అవుట్‌పుట్ తెచ్చిన రోజులున్నాయి. ఆ ఆనందం చెప్పినా అర్థం కాదు లెండి.

ఒక్కటే చిక్కు. రికార్డులో ప్రతి ప్రోగ్రామ్‌కీ తెరని తుడిచేసే క్లియర్ స్క్రీన్ లైన్ ఉంటుంది. అది టర్బో సీ సొంత సరుకు, జీసీసీ ఒప్పుకోదు, తీసెయ్యాలి. ప్రాక్టికల్స్‌కి వచ్చిన ఎగ్జామినర్ "క్లియర్ స్క్రీన్ ఏదయ్యా?" అని అడిగారు. "నా స్క్రీన్ ఎప్పుడూ క్లియరేనండి" అన్నాను. ఆయన నవ్వేశారు. మార్కులకి ఢోకా రాలేదు.

ఏ కంప్యూటర్ మీదైనా పనిచేస్తుందన్నట్టు రాశాను గానీ, పూర్తిగా అలా కాదు. మార్పులకి అనుమతి ఇస్తారా అని విండోస్ అడిగే తెర వస్తే పోర్టబుల్ కాపీ దాన్ని చదవలేదు. ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే ముందు ఎస్కేప్ కొట్టి చూడండి, చాలాసార్లు గొంతు తిరిగొస్తుంది. ఏడురోడ్ల జంక్షన్ దగ్గర నెట్ సెంటర్‌లో వైరస్ భయంతో అసలు పెన్‌డ్రైవే పెట్టనివ్వలేదు, వాళ్ల భయం వాళ్లది. ఇక యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు నోట్స్ పీడీఎఫ్ వస్తే దీని చేతుల్లో ఏమీ లేదు. కంటికి చక్కని తెలుగు, చెవికి పిచ్చి గుర్తుల చిట్టా. వాటిని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే చాలావరకు సరైన తెలుగు వస్తుంది, ఒత్తులు అక్కడక్కడా జారిపోతాయి. ఎకనామిక్స్ అంతా అలాగే చదివాను.

నాకు చూపు పూర్తిగా లేదు, కీబోర్డు స్కూల్లోనే అలవాటైంది. కొంచెం కనిపించి, పెద్దక్షరాలతో నెట్టుకొచ్చేవాళ్లకి నా అనుభవం సరిపోకపోవచ్చు. సొంత ల్యాప్‌టాప్ ఉంటే మాత్రం ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలు, ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను. ల్యాబ్ మీదే ఆధారపడేవాళ్లు ఈ కాపీ తప్పకుండా చేసుకోండి, రెండు పెన్‌డ్రైవ్‌లలో చేసుకోండి. మొదటిది సినిమాల కోసమని ఏ ఫ్రెండో అడిగి తీసుకెళ్లి, ఖాళీ లేదని ఫార్మాట్ కొట్టేస్తాడు.