దేవరకొండ రోడ్డులో బోర్డు లేని షెడ్డు: దొంగలు పగలగొట్టిన మా పాత మారుతి 800 మళ్ల బండి అయిన తీరు

మా నాయిన 2005లో బత్తాయి పైసలతో కొన్న తెల్ల మారుతి 800 మాది. ఆయన పోయి నాలుగేండ్లయింది. దాన్ని అమ్ముదామంటే అమ్మ ఊకోదు, నాకూ మనసొప్పదు. కనగల్ మండలంల ఉంటం, నల్లగొండకు వారానికి రెండుసార్లు ఈ బండి మీదనే వస్తం. పాత బండి ఉన్నోళ్లకు అక్కరకొస్తదని ఈ షెడ్డు గురించి వివరంగ రాస్తున్న.

పోయిన శ్రావణంల నల్లగొండల చుట్టాల పెండ్లి. ఫంక్షన్ హాల్ లోపల జాగ లేక రోడ్డు పక్కన చీకట్ల పెట్టిన. రాత్రి పదకొండున్నరకు వచ్చి చూస్తే వెనక ఎడమ డోరు అద్దం లేదు, సీటంతా గాజు పలుకులు. ముందుగాల డ్రైవర్ డోరు తాళంల స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పినట్టున్నరు. అది రాక అద్దం పగలగొట్టిన్రు. హ్యాండిల్ చుట్టూ రేకు సొట్టపోయింది. స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవర్ విరిచి వైర్లు గుంజిన్రు. స్టీరింగ్ లాక్ పడి ఉండబట్టి బండి మిగిలింది.

స్టీరియో పోయినందుకు బాధ లేదు. డ్యాష్‌బోర్డు అరల ఆర్సీ, దాంతోపాటు మా ఇంటి రెండో తాళంచెవి ఉండె. ఆర్సీ మీద ఇంటి అడ్రసు, పక్కనే ఇంటి చెవి! అమ్మ ఒక్కతే ఉంది ఇంట్ల. అప్పటికప్పుడు పక్కింటి మామకు ఫోన్ చేసి మా అరుగు మీద పండుకోమని బతిమిలాడిన. తెల్లారంగనే తాళం మార్చిన. మీ బండిల ఇంటి చెవి ఉంటే ఇది చదువుడు ఆపి పోయి తీసేయుండ్రి, మళ్ల వచ్చి చదువుకోవచ్చు.

పొద్దుగాల స్టేషన్ల దరఖాస్తు ఇచ్చిన. డూప్లికేట్ ఆర్సీకి ఫారం 26తోటి ఆ కాయితం కూడా పెట్టాలె. ఇన్సూరెన్స్ మాత్రం రాలే. పాత బండేనాయె అని థర్డ్ పార్టీ ఒక్కటే కట్టుకుంట వస్తున్న, దాంట్ల మన బండికైన నష్టానికి పైస రాదు.

ఆ తొందరల మొదలు వేరే దుకాణానికి పోయిన. అరగంటల అద్దం బిగించి, స్టీరింగ్ కింద వైర్లు మెలేసి టేపు చుట్టి, 1,300 తీసుకున్నరు. నేనూ సంబురపడ్డ. పది రోజులకు అసలు సంగతి బయటపడ్డది. అద్దం దించితే కరకరమని సప్పుడు, కొత్త అద్దం మీద నిలువు గీతలు. వాన పడ్డ తెల్లారి వెనక మ్యాటు కింద నీళ్లు, బండంతా ముక్క వాసన. రెండు రోజులు కదపకుంటే బ్యాటరీ డౌన్. డ్రైవర్ డోరు తాళం ఏ చెవి పెట్టినా తిరుగుతుండె.

అప్పుడు మా ఊరి ఆటో తమ్ముడు చెప్పిండు ఈ షెడ్డు గురించి. దేవరకొండ రోడ్డు పొంటి, నీలం షట్టరు, ముందల యాపచెట్టు. బోర్డు లేదు. పనిచేసే పెద్దమనిషిని అందరూ చాచా అంటరు, నేనూ అట్లనే పిలిచిన. ఆయన బండి చుట్టు తిరిగి, వెనక డోరును అరచేత్తో రెండుసార్లు కొట్టి చెవి పెట్టి విన్నడు. లోపల గలగల.

"అద్దం ఏసిన్రు గని డోర్ ఇప్పలేదు బేటా" అన్నడు.

డోర్ ప్యాడ్ నా ముందలనే తీసిండు. డోరు అడుగున రెండు దోసిళ్ల గాజు పలుకులు, మన్నుతో కలిసి గడ్డకట్టినయి. కిటికీ అద్దం పగిలితే బియ్యపు నూకల లెక్క చిన్న చిన్న ముక్కలైతది, సగం సీటు మీద పడితే సగం డోర్లకు జారుతది. డోరు అడుగుకు నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటయి. అవి పూడుకుంటే వాన నీళ్లు లోపలనే నిలిచి రేకు కుళ్లుతది. మా బండికి అప్పటికే వేలంత మేర ఎర్రగ తుప్పు పట్టింది. అద్దం జారే బీడింగ్ రబ్బరు సందుల కూడా పలుకులు ఇరుక్కున్నయి, గీతలు అందుకే పడ్డయి. ప్యాడ్ ఎనక నీళ్లు ఆపే పల్చటి ప్లాస్టిక్ షీటు ఉంటదని నాకు అప్పుడే తెలిసింది. అద్దం ఏసినోళ్లు దాన్ని చింపి పారేసిన్రు. మ్యాటు కింద నీళ్లు అక్కడి నుంచే.

గాజుకు అయస్కాంతం పనికిరాదని చాచా నవ్వి, పెయింట్ బ్రష్షుతో, వాక్యూమ్‌తో ఒక పూటంతా ఆ పలుకులే తీసిండు. రంధ్రాలల్ల సన్నటి తీగ పెట్టి తెరిచిండు, మగ్గుతో నీళ్లు పోసి కిందికి కారుతున్నయా లేదా నాకు చూపిచ్చిండు. తుప్పు గీకి ప్రైమర్ కొట్టి, మందపాటి ప్లాస్టిక్ షీటు కోసి అతికిచ్చిండు. ఈ పూట పనికే నేను ఈ షెడ్డుకు ఐదుకు ఐదు ఇస్త.

బ్యాటరీ సంగతి కూడా తేలింది. స్టీరియోకు ఎప్పుడూ కరెంటు వచ్చే వైరు ఒకటుంటది, తాళం తీసినా అది బంద్ కాదు. దొంగలు కోసిన ఆ వైరు కొస, ఉత్త టేపు జారి, డ్యాష్‌బోర్డు లోపల ఇనుప పట్టీకి ఆనీఆనక ఉంది. ఇంకొంచెం గట్టిగ తగిలితే ఫ్యూజు పోయేదట, ఫ్యూజు జాగల ఎవరన్న తీగ ముక్క పెడితే బండే కాలిపోయేదట. మెలేసిన వైర్లన్నీ ఇప్పి సోల్డర్ పెట్టి, పైన స్లీవ్ ఎక్కిచ్చిండు.

తాళానికి కొత్త సెట్టు కొనమంటడేమో అనుకున్న. కొనియ్యలే. హైదరాబాద్ ఆటోనగర్ నుంచి పాత బ్యారెల్, అంటే తాళంల చెవి పెట్టి తిప్పే భాగం, తెప్పిచ్చి, ప్రకాశం బజార్ల తాళాలు చేసేటాయనకు పంపిండు. లోపలి చిన్న ఇత్తడి రేకులు మార్చి, నాయిన వాడిన పాత చెవికే సరిపోయేటట్టు చేయించిండు. ఒకే చెవితోటి డోరు, ఇంజిన్ రెండూ తెరుచుకుంటయి. ఆ చెవికి నాయిన కట్టిన నల్లదారం ఇంకా ఉంది. అది పక్కన పెట్టాల్సి వస్తదని లోపల లోపల కుమిలిన, ఆ మాట ఆయనకు చెప్పనేలేదు.

మళ్ల ఇట్ల కాకుండ ఏం చేయాలె అంటే, ముందుగాల గేర్ లాక్ ఏయించుకోమన్నడు. బయట నుంచి కనపడుతది కాబట్టి దొంగ అద్దం జోలికి రాకముందే ఆలోచిస్తడని. రెండోది దాచిన స్విచ్, అది ఆఫ్ చేస్తే పెట్రోల్ పంపు నడవదు, బండి కదలదు. పెట్రోల్ పంపుకు పోయే లావు వైరుకు కాదు, పంపుకు కరెంటు ఇచ్చి ఆపే రిలేకు పోయే సన్న వైరుకు పెట్టిండు. లావు వైరుకు చిన్న స్విచ్ పెడితే వేడెక్కి కరుగుతదట. ఎక్కడ పెట్టిండో చెప్ప గని, మోకాలు తగలని జాగ మాత్రం చూసుకోవాలె, నడుస్తుంటే ఆఫ్ అయితే బండి రోడ్డు నడుమ ఆగుతది. ఇప్పుడు ఆర్సీ బండిల పెట్టను, ఫోన్ల డిజిలాకర్‌ల చూపిస్త.

మొత్తం 4,650 అయింది, గేర్ లాక్ 1,200 వేరే. సామానుకు పోయింది దాంట్ల సగం కన్నా తక్కువ.

ఇబ్బందులు కూడా చెప్పాలె. రెండు రోజులన్నది ఐదు రోజులైంది, ఆటోనగర్ పార్శిల్ రెండు రోజులు ఆలస్యం. ఫోన్ చేస్తే ఎత్తడు, పోయి అడగాలె. బిల్లు ఇయ్యడు, కాయితం ముక్క మీద రాసిస్తడు. రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసేటోళ్లకు అది సరిపోదు, అసొంటోళ్లు ముందే మాట్లాడుకోవాలె. హ్యాండిల్ కాడ సొట్ట తీసి ఏసిన తెలుపు, మా బండి ఎండిన తెలుపుతో కలవలే, దగ్గరికొస్తే తెలుస్తది. కూసునేటందుకు యాపచెట్టు కింద ఒక బల్ల తప్ప ఏం లేదు, ఆడోళ్లతోటి పోతే కష్టం.

శుక్రవారం మధ్యాహ్నం షట్టరు మూసి ఉంటది. పొద్దున తొమ్మిదింటికి పోతే ఆయన ఖాళీగ దొరుకుతడు. పాత చెవి, పగిలిన సామాను ఏదున్నా పారేయకుండ పట్టుకపోండ్రి, అందులోంచే ఏదో ఒకటి పనికొస్తది.

మొన్న పెద్దవాన పడ్డ తెల్లారి మ్యాటు ఎత్తి చెయ్యి పెట్టి చూసిన, పొడిగ ఉంది. కుడివైపు వెనక డోరు బీడింగ్ కూడా పగుళ్లిచ్చిందని చాచా అప్పుడే చెప్పిండు. పత్తి పనులు తెమలంగనే దానికోసం పోతున్న.