విదేశీ ట్రెక్‌కి గ్యాస్ డబ్బాలు ఇక్కడే కొంటున్నారా? జాగ్రత్త

అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచి నేపాల్‌కో ఇంకో దేశానికో బ్యాక్‌ప్యాకింగ్‌కి బయల్దేరే మన పిల్లలందరికీ చెబుతున్నాను. క్యాంప్ స్టవ్ బర్నర్ ఇక్కడే కొనుక్కోండి, తప్పులేదు. గ్యాస్ డబ్బాలు మాత్రం ఇక్కడ కొనొద్దు. "విమానంలో తీసుకుపోవచ్చు" అని ఎవరైనా చెబితే అది పచ్చి అబద్ధం. మాకు ఆ మాట చెప్పే అమ్మారు.

అనంతపురంలో ట్రెక్కింగ్ సామాన్లు అమ్మే ఒక షాపులో "ఫారిన్ ట్రిప్ కిట్" అని ఒకటి పెట్టారు. అందులో చేతిలో ఇమిడే బర్నర్, మరతో బిగించే చిన్న డబ్బాలు, పొడవు డబ్బాలు, వాటిని బర్నర్‌కి కలిపే అడాప్టర్ ఉంటాయి. పెట్టె మీద ఎయిర్ ట్రావెల్‌కి ఓకే అన్నట్టు ఒక స్టిక్కర్ కూడా అతికించారు. అయినా నేను నేరుగా అడిగాను, విమానంలో ఒప్పుకుంటారా అని. "ఏం టెన్షన్ పడొద్దన్నా, చెకిన్ బ్యాగులో బట్టల మధ్యలో పెట్టుకోండి. మా దగ్గర తీసుకున్నోళ్లు శానామంది పోయొచ్చినారు" అన్నాడు. మాతో ఉన్న తమ్ముడు ఇంకోసారి అడిగితే అదే మాట. బిల్లులో మాత్రం కిట్ అని ఒక్క పదమే రాశాడు, లోపల ఏమున్నాయో రాయలేదు.

బెంగళూరు విమానాశ్రయంలో బ్యాగు స్క్రీనింగ్ దగ్గర మమ్మల్ని పేరు పెట్టి పిలిచారు. డబ్బాలన్నీ బయటికి తీయించి, అక్కడే వదిలేస్తున్నట్టు సంతకం చేయించుకున్నారు. సెక్యూరిటీ వాళ్లను తప్పుపట్టడానికి లేదు, మర్యాదగానే మాట్లాడారు. మండే గ్యాస్ ఉన్న డబ్బా చేతి సంచిలోనూ కుదరదు, చెకిన్ బ్యాగులోనూ కుదరదు. ఇది ప్రపంచమంతా ఉన్న నియమం. సగం వాడిన డబ్బాకైనా, ఖాళీ అయిపోయిందనిపించే డబ్బాకైనా ఇదే వర్తిస్తుంది, ఎందుకంటే అడుగున ఎంతో కొంత గ్యాస్ మిగిలే ఉంటుంది. మన దేశంలో అగ్గిపెట్టె, లైటర్ కూడా విమానంలో ఒప్పుకోరు. కొత్త బర్నర్‌తో పెద్దగా ఇబ్బంది రాదు. కిరసనాయిలుతోనో పెట్రోలుతోనో నడిచే స్టవ్ అయితే విమాన సంస్థని ముందే అడిగి అనుమతి తీసుకోవాలి. ట్యాంకు, సీసా పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, వాసన పోయేదాకా ఆరబెట్టాలి. వాసన తగిలితే స్టవ్‌నే ఆపేస్తారు.

డబ్బు పోయిందన్న బాధ కంటే తిరిగొచ్చాక ఆ షాపతను అన్న మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. వాపసు అడిగితే "అమ్మిన వస్తువు తిరిగి తీసుకోబడదు" అన్న బోర్డు చూపించాడు. ఆపైన, "ఈసారి ట్రైన్‌లో పోండన్నా, గుంతకల్లులో ఎక్కితే బ్యాగులు ఎవరు చూస్తారు? గోరఖ్‌పూర్‌లో దిగి బార్డర్ దాటేయండి" అన్నాడు. దయచేసి ఈ సలహా ఎవరూ వినకండి. మండే సరుకు రైల్లో తీసుకెళ్లడం 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. 2023 ఆగస్టు 26న మదురైలో నిలిపి ఉంచిన యాత్రికుల బోగీలో టీ కాయబోతే గ్యాస్ సిలిండర్ అంటుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. ఆ సిలిండర్‌ని దొంగచాటుగానే బోగీలోకి ఎక్కించారు. స్లీపర్ కోచ్‌లో మన సీటు కింద అలాంటి డబ్బా ఉంటే పక్క సీట్లోని చంటిపిల్లకీ ముసలాయనకీ ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

ఇక రెండో మోసం. ఇది ఖాట్మండులో జరిగింది.

థమేల్ వీధుల్లో ట్రెక్కింగ్ షాపులకు కొదవలేదు. మరతో బిగించే గ్యాస్ డబ్బాలు దాదాపు ప్రతి షాపులో దొరుకుతాయి, కాబట్టి ఇక్కడినుంచి మోసుకుపోవాల్సిన అవసరమే లేదు. కానీ వాటిలో కంపెనీ నింపిన కొత్తవీ ఉంటాయి, ఎవరో వాడి పారేసిన డబ్బాలో మళ్లీ గ్యాస్ ఎక్కించినవీ ఉంటాయి. పైన లేబుల్ ఒకటే కాబట్టి చూపుకి తేడా తెలియదు. మాకు రీఫిల్ డబ్బాని కొత్తదని చెప్పి, కొత్తదాని ధరకే అంటగట్టారు.

ఈ డబ్బాలు ఒక్కసారి వాడి పారేయడానికి తయారుచేసినవి. రేకు పల్చన, వాల్వ్ మళ్లీ మళ్లీ నింపడానికి తగినది కాదు. నింపేవాడు దాన్ని నొక్కిపట్టి గ్యాస్ ఎక్కిస్తాడు, దాంతో లోపలి రబ్బరు వాషర్ దెబ్బతిని సన్నగా లీకవుతుంది. మా డబ్బా అలాగే లీకై బ్యాగులోని బొరుగులకీ రాగిపిండికీ గ్యాస్ వాసన పట్టింది, అన్నీ పారేశాం. దాన్ని టెంటులో తల పక్కన పెట్టుకుని పడుకునే వాళ్లు ఉంటారు. ఆ ఆలోచనకే ఇప్పటికీ భయమేస్తుంది.

కొనేటప్పుడు తూకం వేయించండి. 230 గ్రాముల డబ్బాలో గ్యాస్ బరువు 230 గ్రాములు, ఖాళీ రేకు డబ్బా సుమారు 150 గ్రాములు. రెండూ కలిపి 380 గ్రాముల దగ్గర తూగాలి. కంపెనీని బట్టి కొంచెం అటూఇటూ ఉంటుంది. బాగా తక్కువ తూగితే మోసం. ఎక్కువ తూగితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే వేడికి గ్యాస్ వ్యాకోచించడానికి లోపల ఖాళీ ఉండదు. షాపులో తూకం లేకపోతే పక్కన కిరాణా కొట్టుకి తీసుకెళ్లండి, మొహమాటపడొద్దు. తూకం సరిపోయినంత మాత్రాన కొత్తదని కాదు. మర దగ్గర గీతలు, రంగు లేచిపోయిన చోట్లు, తుప్పు, ప్లాస్టిక్ మూత లేకపోవడం, ఇవన్నీ చూడండి. బర్నర్ బిగించి, సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూసి, బయటికి తెచ్చి వెలిగించి, ఆ తర్వాతే డబ్బులివ్వండి. ఒప్పుకోని షాపులో కొనకండి, పక్క షాపుకి పోండి.

లోపల ఏ గ్యాస్ నింపారన్నది ఇంకా పెద్ద సమస్య. మా డబ్బా లేబుల్ మీద ఐసోబ్యూటేన్, ప్రొపేన్ అని ఉంది. అన్నపూర్ణ ట్రెక్ దారిలో కింద మనాంగ్ ఊరి దాకా బాగానే మండింది. ఇంకా పైన యాక్ ఖర్కా దగ్గర, సుమారు 4,000 మీటర్ల ఎత్తులో, తెల్లవారుజామున వెలిగిస్తే ఒత్తంత మంట వచ్చి సన్నగిల్లిపోయింది. గిన్నెలో నీళ్లు గోరువెచ్చగా కూడా కాలేదు. కారణం తర్వాత అర్థమైంది. అందులో ఎక్కించింది మామూలు బ్యూటేన్, హోటళ్లలో టేబుల్ మీద పెట్టే స్టవ్‌లకి వాడే చవక గ్యాస్. మామూలు వాతావరణ పీడనంలో బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంతకంటే చలి ఉంటే ద్రవంగానే ఉండిపోతుంది, బర్నర్ దాకా ఆవిరి రాదు. ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12, ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అందుకే చలి ప్రదేశాలకి ఈ రెండింటి మిశ్రమం వాడతారు. ఎత్తుకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి బ్యూటేన్ ఇంకొంచెం చలిలో కూడా మరిగే మాట నిజమే, కానీ మండుతున్నప్పుడు ఆవిరి పోతూ పోతూ డబ్బాని ఇంకా చల్లబరుస్తుంది, ఆ కాస్త లాభం అక్కడికక్కడే పోతుంది. పక్కనే టీహౌస్ (ట్రెక్కర్లకి తిండి, బస ఇచ్చే చిన్న సత్రం) ఉండబట్టి దాల్‌భాత్ తిని గట్టెక్కాం. టీహౌస్‌లు లేని దారిలో ఇదే జరిగితే మంచు కరిగించుకుని నీళ్లు తాగే దిక్కు కూడా ఉండదు.

మన ఊళ్లో పరీక్షించి చూస్తే ఈ లోపం అసలు బయటపడదు. ఏప్రిల్ నెలలో పెనుకొండ కోట మీదో గండికోట లోయ పక్కనో వెలిగించండి, ఎంత నాసి బ్యూటేనైనా భగ్గున మండుతుంది. అనంతపురం షాపతను మాకు చూపించిన డెమో కూడా అలాంటి ఎండలోదే. డెమో చూసి నమ్మొద్దు, డబ్బా మీద ఏ గ్యాసో చదవండి.

ఆ కిట్‌లో ఇచ్చిన పొడవు డబ్బాల గురించి కూడా చెప్పాలి. అవి అడ్డంగా పడుకోబెట్టి, మెడ దగ్గరి గాడి పైకి ఉండేలా వాడాల్సినవి. అప్పుడే లోపలి నుంచి ఆవిరి మాత్రమే బయటికి వస్తుంది. అడాప్టర్ పెట్టి ఎలా పడితే అలా తిప్పితే ద్రవ గ్యాస్ నేరుగా బర్నర్‌లోకి వచ్చి మంట ఒక్కసారిగా లేస్తుంది. ఈ సంగతి మాకు షాపులో చెప్పలేదు, అడాప్టర్ పెట్టె మీదా లేదు.

వేరే దేశాలకి పోయేవాళ్లు అక్కడ ఏ రకం డబ్బా దొరుకుతుందో ముందే కనుక్కుని, దానికి సరిపోయే బర్నరే ఇక్కడ కొనండి. జపాన్, కొరియా, థాయ్‌లాండ్‌లలో పొడవు డబ్బాలు మామూలు దుకాణాల్లోనే దొరుకుతాయి. ఫ్రాన్స్‌లో మర లేకుండా నొక్కి తిప్పే డబ్బాలు, గుచ్చి వాడే డబ్బాలు ఎక్కువ, మర బర్నర్ వాటికి పట్టదు. స్వీడన్, నార్వే వైపు స్పిరిట్ స్టవ్‌లు బాగా వాడతారు, స్పిరిట్ సులువుగా దొరుకుతుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి నేషనల్ పార్కులు చుట్టి వచ్చేవాళ్లు వాల్‌మార్ట్‌లో కనిపించే లావుపాటి ఆకుపచ్చ ప్రొపేన్ సిలిండర్ తీసుకోవద్దు. దాని మర వేరు, చిన్న బర్నర్‌కి ఎక్కదు. మర డబ్బాలు అక్కడి అవుట్‌డోర్ షాపుల్లో ఉంటాయి. దిగిన రోజే కొండ దారి పట్టేలా ప్లాన్ వేసుకోకుండా, గ్యాస్ కోసం ఊళ్లో ఒక పూట కేటాయించుకోండి. ఆదివారం దిగితే చాలా దేశాల్లో షాపులే తెరవరు.

ఆ కిట్ కొని మోసపోయిన వాళ్లు మనలో ఇంకా ఉంటే ఊరుకోవద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపం ఉన్న వస్తువు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనని మొండికేయడం, రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే. గోడ మీద బోర్డు రాసుకున్నంత మాత్రాన అది చెల్లదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. నేను ఆ స్టిక్కర్ ఉన్న పెట్టె ఫోటో, బిల్లు, విమానాశ్రయంలో ఇచ్చిన కాగితం జతచేసి ఫిర్యాదు పెట్టాను. మీరు కూడా పెట్టె పారేయకుండా దాచుకోండి.

డబ్బాలు ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు వాటిని కారు డిక్కీలో వదిలేయొద్దు. 50 డిగ్రీలు దాటిన చోట ఉంచకూడదని వాటి మీదే రాసి ఉంటుంది, మన వేసవిలో ఎండలో ఆగిన కారులో ఆ వేడి తేలిగ్గా దాటుతుంది. ఇంట్లో నీడపట్టున, పొయ్యికి దూరంగా, గాలి ఆడే చోట పెట్టండి. గ్యాస్ ఉన్న డబ్బాని చెత్తబుట్టలో అసలే వేయొద్దు, మన ఊళ్లో చెత్త కుప్పలకి నిప్పు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు.