వాన పడ్డా నలభై: రాయదుర్గం షేర్ క్యాబ్‌తో రెండు నెలలు

ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గంలో దిగేదాకా నాకు ఏ ఇబ్బందీ ఉండదు. 2019 నవంబరులో అక్కడిదాకా వచ్చిన బ్లూ లైన్‌కు అదే ఆఖరి స్టేషన్ కాబట్టి, విప్రో సర్కిల్ దాకా మిగిలిన దారికి రోజూ షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన సగం సీటులో సర్దుకోవడమో, ఒక్కడి కోసం క్యాబ్ బుక్ చేసుకోవడమో చేసేవాణ్ని. 2020 మార్చిలో కరోనా వల్ల పెద్ద కంపెనీలు షేర్ రైడ్లను ఆపేసిన తరువాత సీటు లెక్కన క్యాబ్ ఎక్కడం నాకు మళ్ళీ ఇప్పుడే కుదిరింది. ఈ దారిలో కొత్తగా మొదలైన ఒక చిన్న యాప్ అందుకు కారణం.

వీరి తెలివి సేవను ప్రారంభించిన తీరులోనే కనిపిస్తుంది. షేర్ ప్రయాణం గిట్టుబాటు కావాలంటే ఒకే వేళకు ఒకే వైపు వెళ్ళే ముగ్గురైనా దొరకాలి. ఉన్న కొద్ది కార్లనూ నగరమంతా చెదరగొడితే ఆ ముగ్గురూ ఎక్కడా కలవరు, ఖాళీ సీట్ల నష్టం చివరకు డ్రైవర్ నెత్తిన పడుతుంది. అందుకే వీరు ఈ ఒక్క దారినే, అదీ ఉదయం, సాయంత్రం ఆఫీసు వేళల్లోనే నడుపుతున్నారు. డ్రైవర్ల నుంచి కమీషన్ బదులు రోజుకింత అని రుసుము తీసుకుంటారు. 2022లో బెంగళూరులో మొదలైన నమ్మ యాత్రి అనే యాప్ ఆటో డ్రైవర్లకు రోజుకు 25 రూపాయల రుసుము పెట్టిన పద్ధతి లాంటిదే ఇదీ. "కిరాయి మొత్తం నాకే వస్తది సార్, ఇగ క్యాన్సిల్ ఎందుకు చేస్త?" అన్నాడొక డ్రైవర్. నిజమే, ఎక్కడికి, క్యాషా ఆన్‌లైనా అని ఫోన్ చేసి, విన్నాక రద్దు చేసే అలవాటు ఇక్కడ నాకు ఒక్కసారీ ఎదురుకాలేదు.

ప్రచారానికి పెద్దగా ఖర్చు పెట్టినట్టు లేదు. హోర్డింగులు లేవు, స్టేషన్ మెట్ల కింద, షేర్ ఆటోల వరుస పక్కనే, "సీటు 40 రూపాయలు, వాన పడ్డా 40" అని ఒక బోర్డు పెట్టి ఇద్దరు కుర్రాళ్ళను నిలబెట్టారు. రద్దీ వేళ ఛార్జీ మూల ధరకు ఒకటిన్నర రెట్లు దాటరాదన్న 2020 నాటి కేంద్ర మార్గదర్శకాల హద్దు 2025లో రెండు రెట్లకు పెరిగింది. అటువంటప్పుడు ఆ బోర్డు మీది మాట ఏ ఉచిత రైడ్ కూపన్ కన్నా నన్ను ఎక్కువగా ఆకర్షించింది.

వాన రోజున ధర నిజంగానే పెరగలేదు, కాకపోతే కారు కూడా రాలేదు. ముప్పై అయిదు నిమిషాలు మెట్ల కిందే నిలబడి, చివరకు ఆటో ఎక్కాను. రెండో నెలలో సీటు ధర 48 అయింది. ముందుగా ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు, బోర్డు మీద ఇప్పటికీ 40 అనే ఉంది. స్నేహితులను చేర్పించమని మాత్రం రోజుకు మూడు మెసేజ్‌లు పంపుతారు. ఇంతమందిని చేర్చుకోవాలనుకునేవారు ముందు కార్ల సంఖ్య పెంచవద్దా?

కార్లు శుభ్రంగా ఉంటాయి, ఉదయం మహిళలకు మాత్రమే నడిపే కార్లున్నాయి. తొమ్మిదిలోపు బయలుదేరేవారికి 48 రూపాయలైనా ఇది మంచి బేరమే. పదిన్నర దాటితే కారు దొరకడం కష్టం కాబట్టి, ఆలస్యంగా లేచిన రోజున నేను నేరుగా షేర్ ఆటోల వరుసలోకే వెళుతున్నాను.